కేంద్రకంలో గోధుమ రంగు: ఊపిరితిత్తుల క్యాన్సరు నిర్ధారణలో కణవిభజన సూచికలు

అదుపు తప్పిన కణవిభజనే క్యాన్సరు అని పాఠ్యపుస్తకాలు నిర్వచిస్తాయి. ఆ నిర్వచనం తప్పు కాదు గాని, దాన్ని ఆధారం చేసుకుని వేగంగా విభజన చెందే ప్రతి కణమూ క్యాన్సరు కణమేనని, నిదానంగా పెరిగే ప్రతి గడ్డా నిరపాయకరమేనని భావిస్తే రెండు విధాలా దారి తప్పినట్లే. ఎముక మజ్జలో రక్తకణాలను పుట్టించే కణాలు, చిన్నపేగు లోపలి పొర గుంటల అడుగున ఉండే కణాలు, టాన్సిళ్లలోని బీజకేంద్రాల్లో గుమిగూడిన లింఫోసైట్లు సంపూర్ణ ఆరోగ్యవంతుడి దేహంలో కూడా రాత్రింబవళ్లు విభజన చెందుతూనే ఉంటాయి. ఊపిరితిత్తుల్లో పుట్టే కణితుల్లో చాలావాటికి ఆ వేగం ఉండదు. క్షయ సోకిన చోట, న్యుమోనియా తగ్గి శ్వాసనాళపు పొర తిరిగి అల్లుకుంటున్న చోట కూడా కణాలు చురుకుగా విభజన చెందుతాయి. అందువల్ల విభజన వేగాన్ని కొలిచే పరీక్ష ఏదైనా, 'ఇది క్యాన్సరా, కాదా' అనే ప్రశ్నకు తనంతట తాను జవాబు చెప్పలేదు. ఆ జవాబు కణాల ఆకృతిని, వాటి అమరికను, చుట్టుపక్కల కణజాలంలోకి అవి చొచ్చుకుపోయిన తీరును చూసి పేథాలజిస్టు చెప్పవలసిందే.

అయితే క్యాన్సరని తేలిన తరువాత మరొక ప్రశ్న మిగులుతుంది. ప్రపంచవ్యాప్తంగా 2022లో సుమారు 24 లక్షల 80 వేల మందికి కొత్తగా ఊపిరితిత్తుల క్యాన్సరు సోకిందని, సుమారు 18 లక్షల మంది దానివల్ల మరణించారని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసింది. ఇంతమందికి సోకినదాన్ని ఒకే పేరుతో పిలుస్తున్నా అది ఒకే వ్యాధి కాదు. కొన్ని వారాల్లోనే రెట్టింపయ్యే స్మాల్ సెల్ కార్సినోమా, అంటే చిన్న కణాల క్యాన్సరు, దానికి ఒక కొస అయితే, ఏళ్ల తరబడి శ్వాసనాళంలో గుండ్రటి బుడిపెలాగా ఉండిపోయి శస్త్రచికిత్సతో పూర్తిగా నయమయ్యే టిపికల్ కార్సినాయిడ్ రెండవ కొస. విచిత్రమేమంటే ఈ రెండూ ఒకే కుదురుకు చెందినవి. రెండింటిలోనూ నాడీకణాల లక్షణాలు, హార్మోనులను స్రవించే కణాల లక్షణాలు కలగలిసి ఉంటాయి కనుక వీటిని న్యూరోఎండోక్రైన్ కణితులు అంటారు. చేతికి చిక్కిన చిన్న ముక్కను బట్టి అది ఏ కొసకు చెందినదో చెప్పడంలోనే కణవిభజన సూచికల అసలైన ప్రయోజనం ఉంది.

ఈ సూచికల పనితీరు తెలియాలంటే ముందుగా కణచక్రం గురించి తెలియాలి. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో పనిచేసిన ఆల్మా హోవర్డ్, స్టీఫెన్ పెల్క్ అనే శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్క వేళ్లకు రేడియోధార్మిక ఫాస్ఫరస్‌ను అందించి, కణాలు తమ డి.ఎన్.ఎ.ను ఎప్పుడు తయారు చేసుకుంటున్నాయో పరిశీలించి, 1953లో ఒక స్పష్టమైన చిత్రాన్ని ప్రకటించారు. అప్పటిదాకా సూక్ష్మదర్శినిలో కనిపించే సమవిభజన ఒక్కటే కణం జీవితంలో చెప్పుకోదగిన ఘట్టమని, రెండు విభజనల నడుమ కాలమంతా విశ్రాంతి అని భావించేవారు. వారి ప్రయోగంతో డి.ఎన్.ఎ. రెట్టింపయ్యే పని ఆ 'విశ్రాంతి' మధ్యలోనే, ఒక నిర్ణీతమైన వ్యవధిలో జరుగుతుందని తేలింది. ఆ వ్యవధిని ఎస్ దశ అని, దానికి ముందు కణం పెరిగి సన్నద్ధమయ్యే కాలాన్ని జి1 అని, తరువాత విభజనకు సిద్ధమయ్యే కాలాన్ని జి2 అని, క్రోమోజోములు విడివడి కణం రెండుగా చీలే ఘట్టాన్ని ఎం దశ అని పిలుస్తున్నారు. ఈ చక్రం నుండి తప్పుకుని, విభజన ఆలోచనే లేకుండా తన పని తాను చేసుకుపోయే కణం జి0 స్థితిలో ఉందంటారు. పెద్దల దేహంలో అత్యధిక కణాలు, ఊపిరితిత్తుల గాలిగదుల గోడల్లో ఉండే కణాలతో సహా, ఏ సమయంలో చూసినా ఈ జి0 స్థితిలోనే ఉంటాయి.

కణితిలో ఎన్ని కణాలు చక్రంలో ఉన్నాయో తెలుసుకోవడానికి పేథాలజిస్టులకు మొదటినుండి ఉన్న సాధనం ఎం దశలోని కణాలను, అంటే క్రోమోజోములు గట్టిగా చుట్టుకుని నల్లని పోగులుగా కనిపించే కణాలను, లెక్కించడం. ఇరవై నాలుగు గంటల చక్రంలో ఎం దశ దాదాపు ఒక గంటసేపే ఉంటుంది కనుక, ఒక ఊరిలో వ్యవసాయం మీద బతికేవారెందరో తెలుసుకోవడానికి ఒకానొక క్షణంలో నాగలి పట్టి దున్నుతున్నవారిని మాత్రమే లెక్కపెట్టినట్లుగా, ఈ పద్ధతిలో చక్రంలోని కణాల్లో కొద్దిపాటి వంతే లెక్కకు వస్తుంది. మరొక చిక్కు ఏమంటే, చనిపోతూ కుంచించుకుపోయిన కేంద్రకం కూడా ముదురు నల్లగా కనిపించి విభజన చెందుతున్నదేమోనన్న భ్రమ కలిగిస్తుంది. దానికి తోడు, 'అధిక వర్ధన క్షేత్రానికి ఇన్ని' అని లెక్క రాసే పాత అలవాటులో, ఆ క్షేత్రపు వైశాల్యం మైక్రోస్కోపు మారితే మారిపోయేది. ఒకే గాజుపలకను రెండు ఆసుపత్రుల్లో చూసిన ఇద్దరు నిపుణులు వేర్వేరు అంకెలు చెప్పడంలో వారి తప్పేమీ లేదు. ఆ గందరగోళాన్ని తొలగించడానికే నేడు ఊపిరితిత్తుల న్యూరోఎండోక్రైన్ కణితుల్లో విభజనలను 2 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యానికి లెక్కగట్టాలని నియమం పెట్టారు.

డి.ఎన్.ఎ. తయారీలో మాత్రమే వాడబడే థైమిడిన్ అనే పదార్థానికి రేడియోధార్మిక హైడ్రోజన్‌ను జోడించి, ఎస్ దశలోని కణాలను గుర్తించే పద్ధతి తరువాత వచ్చింది. శాస్త్రానికి అది ఎంతో మేలు చేసింది గాని, దానికి సజీవ కణజాలం కావాలి, రేడియోధార్మిక పదార్థం కావాలి, ఫిల్ముపై గుర్తులు పడేదాకా వేచి ఉండాలి. ఆసుపత్రిలో రోజూ వాడుకోదగిన పద్ధతి అది కాలేకపోయింది.

అటువంటి పద్ధతికి దారి 1975లో తెరచుకుంది. ఆ ఏడు కేంబ్రిడ్జిలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే రకమైన ప్రతిరక్షకాన్ని కావలసినంత ఉత్పత్తి చేసే కణాలను సృష్టించారు. వీటినే మోనోక్లోనల్ యాంటీబాడీలు అంటారు. ఒక్కొక్కటి ఒకే ఒక లక్ష్యాన్ని పట్టుకుంటుంది. ఈ ఆవిష్కరణకు వారిద్దరికీ 1984లో నోబెల్ బహుమతి లభించింది. ఈ విధానాన్ని అందిపుచ్చుకుని జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ గెర్డెస్, హరాల్డ్ స్టైన్, వారి సహచరులు హాజ్కిన్ లింఫోమా కణాల కేంద్రకాలను ఎలుకలకు ఎక్కించి, ఆ వ్యాధికి ప్రత్యేకమైన గుర్తు ఏదైనా దొరుకుతుందేమోనని వెతికారు. ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలను పెంచిన గుంటల పలకలో, 67వ గుంటలో దొరికిన ప్రతిరక్షకం వారు కోరుకున్నది కాదు. అది హాజ్కిన్ కణాలనే కాక, విభజన చెందే ఏ కణం కేంద్రకాన్నయినా పట్టుకుంది, విశ్రాంతిలో ఉన్న కణాన్ని తాకలేదు. నగరం పేరు, గుంట సంఖ్య కలిపి దానికి కి-67 అని పేరు పెట్టి 1983లో ప్రకటించారు. ఆ మరుసటి ఏడు అదే బృందం, ఈ ప్రతిరక్షకం గుర్తించే ప్రొటీను జి1, ఎస్, జి2, ఎం దశలన్నింటిలోనూ ఉంటుందని, జి0లో మాత్రం ఉండదని నిరూపించింది. ఏ క్షణంలో ఎవరు నాగలి పట్టారన్నది పక్కనబెట్టి, వ్యవసాయంలో ఉన్నవారందరినీ ఒకేసారి లెక్కించే వీలు అప్పటికి గాని కలగలేదు.

తొలి ప్రతిరక్షకానికి ఒక లోపం ఉండేది. అది గడ్డకట్టించిన తాజా కణజాలంలోనే పనిచేసేది గాని, ఫార్మలిన్‌లో నిలవచేసి మైనంలో పొదిగిన ముక్కల్లో పనిచేసేది కాదు. ప్రపంచంలోని ఆసుపత్రులన్నీ దాచిపెట్టేదేమో ఆ మైనపు దిమ్మలనే. ఫార్మలిన్ ప్రొటీన్ల మధ్య అడ్డబంధాలు కట్టి ప్రతిరక్షకం అంటుకోవలసిన చోటును మూసివేస్తుంది. 1991లో షాన్-రాంగ్ షి బృందం ఆ ముక్కలను ద్రావణంలో ఉంచి మైక్రోవేవ్ పొయ్యిలో మరిగిస్తే ఆ బంధాలు సడలి, మూసుకుపోయిన చోట్లు మళ్లీ తెరచుకుంటాయని చూపింది. మరుసటి ఏడు, బోర్‌స్టెల్‌లోని పరిశోధన కేంద్రంలో గెర్డెస్ బృందం తయారుచేసిన ఎం.ఐ.బి.-1 అనే కొత్త ప్రతిరక్షకం అలా మరిగించిన ముక్కల్లో చక్కగా పనిచేసింది. ఇంటి వంటగదిలోని పరికరం ప్రయోగశాలకు చేరిన ఆ రెండేళ్లలోనే కి-67 పరీక్ష పరిశోధకుల చేతినుండి సాధారణ పేథాలజీ విభాగానికి వచ్చింది. పదేళ్ల కిందటి దిమ్మను బయటికి తీసి కూడా ఈ పరీక్ష చేయవచ్చు.

అన్ని కోట్ల ముక్కలకు రంగు వేయించిన ఆ ప్రొటీను కణంలో చేసే పని ఏమిటన్నది మాత్రం చాలాకాలం అంతుపట్టలేదు. 2016లో వియన్నాలో డేనియల్ గెర్లిక్ ప్రయోగశాల, విభజన సమయంలో ఈ ప్రొటీను క్రోమోజోముల ఉపరితలాన్ని కప్పి, అవి ఒకదానికొకటి అంటుకుపోకుండా విడివిడిగా ఉంచుతుందని చూపింది. అదే ఏడు వెలువడిన మరొక పరిశోధనలో ఈ ప్రొటీను లోపించిన ఎలుకలు కూడా పుట్టి పెరిగాయి. అంటే కి-67 విభజనకు ఇంజను కాదు, విభజన జరుగుతున్నదనడానికి ఆనవాలు మాత్రమే. చక్రం నుండి తప్పుకున్న కణంలో అది ఒక్కసారిగా మాయం కాక క్రమంగా తరిగిపోతుందని కూడా తరువాతి పరిశీలనల్లో తెలిసింది. లేత గోధుమ రంగులో ఉన్న కేంద్రకాన్ని లెక్కలో వేయాలా, వదిలేయాలా అని నిపుణులు తర్జనభర్జన పడడానికి మూలం ఇక్కడే ఉంది.

పరీక్ష జరిగే తీరు చూస్తే ఆ తర్జనభర్జన మరింత బోధపడుతుంది. గొట్టం ద్వారా శ్వాసనాళంలోకి పంపిన చిన్న పట్టకారుతో గిల్లి తీసిన ముక్క ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. దాన్ని వెంటనే ఫార్మలిన్‌లో వేసి, తగినన్ని గంటలు నానిన తరువాత నీటిని తొలగించి, కరిగిన మైనంలో పొదిగి దిమ్మ చేస్తారు. ఆ దిమ్మనుండి మూడు నాలుగు మైక్రాన్ల మందంలో, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు ఇరవయ్యో వంతులో, పొరలు కోసి గాజుపలకపైకి ఎక్కిస్తారు. మైనాన్ని కరిగించి, వేడి ద్రావణంలో మరిగించి, ప్రతిరక్షకాన్ని పోసి, దానిమీద రంగు పుట్టించే ఎంజైమును, రసాయనాన్ని చేరుస్తారు. కి-67 ఉన్న కేంద్రకం గోధుమ రంగు తేలుతుంది, లేనిది హిమటాక్సిలిన్ రంగుతో నీలంగా మిగులుతుంది. నూరు కణితి కేంద్రకాల్లో ఎన్ని గోధుమ రంగులో ఉన్నాయన్నదే కి-67 శాతం. ముక్క ఫార్మలిన్‌లో పడడం ఆలస్యమైనా, అందులో మరీ తక్కువసేపు నానినా రంగు పలచబడుతుంది; టాన్సిల్ ముక్కను కూడా పక్కనే పెట్టి రంగు వేయడం అందుకే. బీజకేంద్రాలు ముదురు గోధుమగా రాకపోతే ఆ రోజు పరీక్షను నమ్మకూడదు.

లెక్కింపులో మరికొన్ని ఉచ్చులున్నాయి. కణితి మధ్య చేరిన లింఫోసైట్లు కూడా గోధుమ రంగు తేలుతాయి కనుక, వాటిని కణితి కణాలుగా పొరబడితే శాతం పెరిగిపోతుంది. కణితిలో ఒక మూల చురుకుగా, మరొక మూల మందకొడిగా ఉండవచ్చు. అతి చురుకైన చోటును ఎంచుకోవాలా, మొత్తానికి సగటు చూడాలా అన్న విషయంలో పద్ధతులు వేర్వేరుగా ఉన్నాయి. కళ్లతో చూసి అంచనా వేసే శాతాలకు, ఛాయాచిత్రం ముద్రించి ఒక్కొక్క కేంద్రకంపై గుర్తు పెడుతూ లెక్కించిన శాతాలకు తేడా వస్తుంది. 4 శాతానికి, 70 శాతానికి మధ్య ఉన్న తేడాను ఏ పద్ధతిలోనైనా గుర్తించవచ్చు గాని, 18కి, 22కి ఉన్న తేడా మీద చికిత్సను నిర్ణయించడం సాహసమే. ఊపిరితిత్తుల విషయంలో ఈ పరీక్ష ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ తడబడుతుంది అన్నదానికి ఈ ఒక్క మాట చాలావరకు కొలబద్ద.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం, 2 చదరపు మిల్లీమీటర్లలో రెండుకన్నా తక్కువ విభజనలు ఉండి, కణజాలం చచ్చిపోయిన జాడ లేకపోతే అది టిపికల్ కార్సినాయిడ్. విభజనలు 2 నుండి 10 వరకు ఉన్నా, చిన్న చిన్న మృతభాగాలు కనిపించినా అది ఎటిపికల్ కార్సినాయిడ్. 10 దాటితే సాధారణంగా ఆ కణితి స్మాల్ సెల్ కార్సినోమా గాని, పెద్ద కణాల న్యూరోఎండోక్రైన్ కార్సినోమా గాని అవుతుంది. స్మాల్ సెల్‌లో ఈ అంకె తరచు 60, 80 దాకా పోతుంది. కి-67 శాతాలు కూడా ఇదే వరుసలో పెరుగుతాయి. టిపికల్ కార్సినాయిడ్‌లో అది సాధారణంగా 5 లోపు, ఎటిపికల్‌లో 30 లోపు ఉంటే, స్మాల్ సెల్‌లో 50 కన్నా తగ్గడం అరుదు, తరచు 80 దాటుతుంది. పేగుల్లో, క్లోమంలో పుట్టే ఇటువంటి కణితులకు 3, 20 అనే హద్దులతో కి-67 శాతాన్నే తరగతి నిర్ణయానికి వాడుతున్నా, ఊపిరితిత్తుల్లో మాత్రం తరగతి నిర్ణయం నేటికీ విభజనల లెక్కమీద, మృతభాగాల మీద ఆధారపడి ఉంది. రెండు కార్సినాయిడ్ల మధ్య కి-67 శాతాలు ఒకదానిపైకి మరొకటి ఎక్కువగా ఒరిగి ఉంటాయి కనుక ఈ జాగ్రత్త సమంజసమైనదే.

అయితే విభజనలను లెక్కించడానికి కావలసిన 2 చదరపు మిల్లీమీటర్ల కణితి, పట్టకారుతో తీసిన ముక్కలో చాలాసార్లు ఉండనే ఉండదు. ఉన్న కాస్తా పట్టకారు ఒత్తిడికి నలిగిపోయి ఉంటుంది. ఈ కణితుల కేంద్రకాలు సున్నితమైనవి. నలిగితే వాటిలోని డి.ఎన్.ఎ. బయటికి సాగి, నీలిరంగు పోగులుగా, చారలుగా పరచుకుంటుంది. ఈ నలుగుడు స్మాల్ సెల్‌కు ఎంత ప్రసిద్ధమైన లక్షణమంటే, నీలి చారలు కనిపించగానే నిపుణుడి మనసు ఆ వ్యాధి వైపే మొగ్గుతుంది. కాని కార్సినాయిడ్ కూడా అలాగే నలుగుతుంది. న్యూరోఎండోక్రైన్ స్వభావాన్ని తెలిపే క్రోమోగ్రానిన్, సినాప్టోఫైసిన్ పరీక్షలు రెండింటిలోనూ సానుకూలంగానే రావచ్చు కనుక ఆ సందేహాన్ని అవి తీర్చలేవు. ఈ పరిస్థితిలో ముక్కకు కి-67 రంగు వేస్తే, నలిగిన చారల్లో సైతం గోధుమ రంగు నిలిచే ఉంటుంది. నలిగిన ప్రాంతమంతా గోధుమమయమైతే స్మాల్ సెల్ అనే అనుమానం బలపడుతుంది; అక్కడక్కడ ఒకటి రెండు చుక్కలు తప్ప మిగతాదంతా నీలంగా ఉంటే అది స్మాల్ సెల్ కావడానికి అవకాశం దాదాపు లేదు. శాతానికి వైశాల్యంతో పనిలేదు కనుక, విభజనల లెక్క చేతులెత్తేసిన చోట ఈ పరీక్ష ఆదుకుంటుంది.

ఈ పొరపాటు ఊహాజనితమైనది కాదు. ఇటలీకి చెందిన జుసెప్పే పెలోసీ, సుప్రసిద్ధ పేథాలజిస్టు హువాన్ రోసాయ్ తదితరులు 2005లో, చిన్న ముక్కల్లో స్మాల్ సెల్‌గా నిర్ధారణ పొంది, ఆ తరువాత కార్సినాయిడ్లుగా తేలిన కేసులను వివరంగా ప్రచురించి, కి-67 పరీక్ష ఆ తేడాను ఎంత స్పష్టంగా చూపగలదో నిరూపించారు. ఆ తేడా రోగికి ఏమిటో ఆలోచిస్తే విషయం గంభీరత అర్థమవుతుంది. పొగతాగే అలవాటు లేని నలభై ఏళ్ల మనిషికి దగ్గులో రక్తం పడి, శ్వాసనాళంలో నునుపైన గుండ్రటి గడ్డ కనిపించిందనుకుంటే, అది టిపికల్ కార్సినాయిడ్ అయిన పక్షంలో ఆ భాగాన్ని కోసి తీసివేస్తే చాలు. ఆపైన అయిదేళ్లు జీవించేవారు దాదాపు తొంభై శాతం. దాన్నే స్మాల్ సెల్ అని రాస్తే, రోగి శస్త్రచికిత్సకు దూరమై, సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ వంటి మందులకు, రేడియేషన్‌కు గురవుతాడు. ఆ మందులు ప్రధానంగా చక్రంలో ఉన్న కణాలపైనే పనిచేస్తాయి కనుక నూటికి తొంభైఅయిదు కణాలు విశ్రాంతిలో ఉన్న గడ్డపై వాటి ప్రభావం స్వల్పం. నయం కాగల మనిషికి నయం కాని వ్యాధి ఉందని చెప్పడం కన్నా పెద్ద నష్టం నిర్ధారణశాస్త్రంలో మరొకటి ఉండదు. కాబట్టి నలిగిన చిన్న ముక్కలో న్యూరోఎండోక్రైన్ కణితి కనిపించినప్పుడు కి-67 రంగు వేయకుండా స్మాల్ సెల్ అని సంతకం చేయరాదన్నది నేడు నిపుణుల్లో స్థిరపడిన అభిప్రాయం.

స్మాల్ సెల్ కణాలు అంతగా విభజన చెందడానికి కారణం జన్యువుల్లో ఉంది. జి1 నుండి ఎస్ దశకు పోయే గడప దగ్గర ఆర్.బి. అనే ప్రొటీను కాపలా కాస్తుంది, దెబ్బతిన్న డి.ఎన్.ఎ. ఉన్న కణాన్ని టి.పి.53 జన్యువు తయారుచేసే ప్రొటీను ఆపుతుంది, లేదా ఆత్మహత్యకు పురికొల్పుతుంది. స్మాల్ సెల్ క్యాన్సరుల జన్యుపటాన్ని 2015లో సమగ్రంగా చదివినప్పుడు దాదాపు అన్నింటిలోనూ ఈ రెండు కాపలాలూ ఒకేసారి కూలిపోయి ఉన్నాయని తేలింది. ఈ అవగాహన చికిత్సలో కూడా ఉపయోగపడింది. రేడియేషన్ రెండు విడతల మధ్య ఈ కణాలు తిరిగి పెరిగిపోతాయి కనుక విరామాన్ని కుదించాలన్న ఆలోచనతో, ఒక పక్క ఛాతీకి పరిమితమైన స్మాల్ సెల్ రోగులకు అమెరికాలో రోజుకు రెండుసార్ల చొప్పున మూడు వారాల్లో 45 గ్రే రేడియేషన్ ఇచ్చి చూశారు. 1999లో వెలువడిన ఫలితాల్లో, అదే మోతాదును రోజుకు ఒకసారి అయిదు వారాల్లో ఇచ్చినవారిలో 16 శాతం అయిదేళ్లు జీవించగా, రెండుసార్ల పద్ధతిలో 26 శాతం జీవించారు. అలాగే 2021లో అమెరికా అనుమతి పొందిన ట్రైలాసిక్లిబ్ అనే మందు కీమోథెరపీకి ముందు ఇస్తే, ఎముక మజ్జ కణాలను కొద్దిసేపు జి1లోనే ఆపి కీమో దెబ్బనుండి కాపాడుతుంది. ఆ మందు పట్టుకునే తాళం ఆర్.బి. కాపలాకు సంబంధించినది, ఆ కాపలా లేని స్మాల్ సెల్ కణాలు మాత్రం ఆగకుండా చక్రంలో తిరుగుతూ కీమోకు దొరికిపోతాయి.

చక్రంలోని కణాలకు థైమిడిన్ అందకుండా చేసి వాటిని దెబ్బతీసే ఫోలిక్ ఆమ్ల వ్యతిరేకుల చరిత్రలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ముందు నిలుస్తుంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన సారథ్యంలో తయారైన అమినాప్టెరిన్‌తోనే 1948లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లల్లో తొలిసారిగా వ్యాధిని తాత్కాలికంగానైనా వెనక్కు తగ్గించగలిగాడు. 2004లో అనుమతి పొంది నేడు ఊపిరితిత్తుల క్యాన్సరులో అడినోకార్సినోమా అనే రకానికి విరివిగా వాడుతున్న పెమెట్రెక్సెడ్ అనే మందు ఆ వంశంలోనిదే.

అడినోకార్సినోమా, స్క్వామస్ సెల్ కార్సినోమా వంటి తక్కిన రకాల్లో కి-67 స్థానం ఇంత గట్టిది కాదు. స్క్వామస్‌లో శాతం సాధారణంగా ఎక్కువ, అడినోకార్సినోమాలో తక్కువ అన్నది తెలిసిన విషయమే. అప్పటిదాకా వెలువడిన 37 అధ్యయనాలను, దాదాపు నాలుగు వేల మంది రోగుల వివరాలను కలిపి 2004లో ప్రచురించిన ఒక సమీక్షలో, 15 అధ్యయనాలు అధిక కి-67ను చెడు సూచనగా చూపగా, 22 అధ్యయనాలు అలా చూపలేకపోయాయి. మొత్తం కలిపి చూస్తే ఈ రకాల్లో అధిక కి-67 ఉన్నవారికి మరణభయం ఒకటిన్నర రెట్లు ఉన్నట్లు తేలింది. ఒక గుంపు మొత్తానికి ఈ మాట నిజమే కావచ్చు, ఒక్కొక్క రోగి విషయంలో అది నిర్ణయానికి చాలదు. ఒకరు 10 శాతాన్ని, మరొకరు 40 శాతాన్ని హద్దుగా పెట్టుకున్న స్థితిలో అంతకన్నా ఆశించలేము కూడా. అందుకే ఈ రకాల్లో చికిత్స వ్యాధి ఏ దశలో ఉందన్నదానిపై, ఇ.జి.ఎఫ్.ఆర్., ఏ.ఎల్.కె. వంటి జన్యువుల్లో మార్పులపై, పి.డి.-ఎల్1 అనే ప్రొటీను పరీక్షపై ఆధారపడుతుంది గాని కి-67పై కాదు. ఇతర పరీక్షలను వాయిదా వేసి దీనికోసం చిన్న ముక్కను ఖర్చు చేయడం సరికాదు కూడా. జన్యుపరీక్షకు మిగలవలసిన కణజాలం విలువైనది.

కి-67కు తోడుగా వచ్చిన సూచికలు మరికొన్ని ఉన్నాయి. లూపస్ రోగుల రక్తంలోని ప్రతిరక్షకాల ద్వారా 1978లో వెలుగు చూసిన పి.సి.ఎన్.ఏ. అనే ప్రొటీను ఒకప్పుడు విరివిగా వాడుకలో ఉండేది. అది డి.ఎన్.ఎ. మరమ్మతులో కూడా పాల్గొంటుంది, చక్రం ముగిసిన తరువాత చాలాసేపు కణంలో నిలిచి ఉంటుంది కనుక లెక్కను పెంచి చూపుతుందని తేలి వెనకబడింది. ఫాస్ఫోహిస్టోన్ హెచ్3 అనే సూచిక సమవిభజనలో ఉన్న క్రోమోజోములకే రంగు పట్టిస్తుంది కనుక, చనిపోతున్న కేంద్రకమా, విభజన చెందుతున్న కేంద్రకమా అన్న అనుమానం వచ్చినప్పుడు మంచి సాయం చేస్తుంది. ముక్క తీయకుండానే విభజనను చూడాలన్న ప్రయత్నంలో, ఫ్లోరిన్-18 తగిలించిన థైమిడిన్‌ను రక్తంలోకి ఎక్కించి పెట్ స్కాన్ తీసే పద్ధతి 1998లో వెలువడింది, కాని అది ఎక్కువగా పరిశోధనలకే పరిమితమైంది.

తెలుగు రాష్ట్రాల్లో, దేశంలోని ఇతర చోట్ల మాదిరిగానే, ఊపిరితిత్తిలో నీడ కనిపించగానే క్షయ అని మందులు మొదలుపెట్టడం వల్ల క్యాన్సరు నిర్ధారణ ఆలస్యమయ్యే సందర్భాలు నేటికీ ఉన్నాయి. కఫంలో క్షయక్రిములు కనిపించకపోయినా, మందులు వాడుతున్నా నీడ తగ్గకపోయినా ముక్క పరీక్ష తప్పదు. ఆ ముక్కలో కి-67 ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో క్యాన్సరని, తక్కువగా ఉందన్న కారణంతో కాదని అనుకోకూడదు. స్మాల్ సెల్ కార్సినోమా అని నివేదికలో రాసి ఉండి, కి-67 శాతం రాసి లేకపోయినా, లేక ఆ శాతం 30కి లోపు ఉన్నా, చికిత్స మొదలు కాకముందే ఆ విషయాన్ని వైద్యుడి దృష్టికి తీసుకురావడం రోగి కుటుంబం తప్పక చేయవలసిన పని. స్లైడ్లు, మైనపు దిమ్మలు అడిగి తెచ్చుకుని మరొక పేథాలజిస్టుకు చూపించవచ్చు. వాటిని పారవేయకుండా భద్రంగా దాచమని అడగవచ్చు. ఆ దిమ్మనుండి మరొక పలచని పొర కోసి రంగు వేయడానికి పట్టేది ఒకటి రెండు రోజులే.